గేటు దగ్గర అడగవలసిన మాట

ఇమానకున్ వేటగాడే గాని, వేటకు బయల్దేరిన రోజున ఆయన ఎక్కువసేపు నిలబడేది జనం గేట్ల ముందు. తెర్స్-బులాక్ ఊళ్ళో దీని మీద చాలా పరాచికాలు నడిచేవి. మిగతా వేటగాళ్ళు తెల్లవారకముందే కొండెక్కి, పొద్దెక్కేసరికి కొండమేకను జీనుకు కట్టుకుని దిగివచ్చేవారు. ఈయన మాత్రం దారిలో తగిలిన ప్రతి దొడ్డి ముందూ గుర్రం దిగి, "ఇంట్లో ఎవరున్నారు?" అని కేకేసి, యజమాని బయటికి వచ్చేదాకా మంచులో కాళ్ళు తాటించుకుంటూ నిలబడేవాడు. వచ్చాక అడిగేది ఒకటే మాట, "బయట ఏమేం ఉన్నాయి?" గొర్రెలు ఏ వాలులో మేస్తున్నాయి, గుర్రాలు కట్టేశారా వదిలేశారా, కుక్కలెన్ని, పిల్లలు ఎటు వెళ్ళారు, అన్నీ చెప్పించుకుని, వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుని, అప్పుడుగాని లోపల కాలు పెట్టేవాడు కాదు. ఈలోగా టీ తాగి వెళ్ళమంటారు. వద్దంటే మర్యాద కాదు. అలా నాలుగు దొడ్లు దాటేసరికి కడుపు నిండా ఉప్పు టీ ఉండేది, కొండ మీద మేక జాడ ఉండేది కాదు.

"నీ మొగుడు వేటకెళ్తున్నాడా, పెళ్ళి పిలుపులకెళ్తున్నాడా?" అని ఆడవాళ్ళు ఆయన భార్య బురుల్‌ను ఆటపట్టించేవారు. బురుల్ ఏం తక్కువ తినలేదు. "మీ ఇళ్ళలో టీ నా టీ కంటే బాగుంటుందట, అదీ సంగతి" అని తిప్పికొట్టేది.

ఈ అలవాటు ఆయనకు ఊరికే అబ్బలేదు. ఇమానకున్‌కు ఏడేళ్ళప్పుడు వాళ్ళ నాన్న సమష్టి క్షేత్రం గుర్రాలు కాసేవాడు. ఆ ఏడు ఆకులు రాలే రోజుల్లో పట్నం నుంచి పెద్ద ఉద్యోగులు కొందరు జీపులో వేటకు వచ్చారు. ఎవరినీ అడగలేదు, ఎవరికీ చెప్పలేదు. పొగమంచులో ఏదో కదిలితే దుప్పి అనుకుని కాల్చారు. అది చూలుతో ఉన్న గుర్రం. మధ్యాహ్నం దాకా కొనప్రాణంతో కొట్టుకుంది. కాల్చినవాళ్ళు దగ్గరికి వచ్చి చూసి, నాలుక కరుచుకుని, రెండు వోద్కా సీసాలు ఒక రాయి మీద పెట్టి వెళ్ళిపోయారు. గుర్రం ఎలా చచ్చిందో నాన్న సంజాయిషీ రాసుకోవలసి వచ్చింది. తోడేళ్ళు చంపాయని రాశాడు. ఉద్యోగుల పేర్లు రాసే ధైర్యం ఆ రోజుల్లో ఎవరికుంది గనక! ఆ కాగితం కింద సంతకం పెట్టి ఇంటికి వచ్చాక వారం రోజులు ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు. గుర్రం పోయినందుకు కాదు, అబద్ధం తన చేత్తో రాయాల్సి వచ్చినందుకని ఇమానకున్‌కు పెద్దయ్యాక అర్థమైంది.

తనకు తుపాకీ వచ్చాక ఆయన పెట్టుకున్న నియమాలు పెద్ద చాంతాడేం కాదు. పొగగొట్టం కనిపించే చోట పేల్చకూడదు. చప్పుడును బట్టి పేల్చకూడదు. అడగకుండా ఒకరి నేల తొక్కకూడదు. చట్టంలో ఉన్నవీ దాదాపు ఇవే. కొత్తగా వేట కార్డుకు అర్జీ పెట్టుకునే కుర్రాళ్ళను కూర్చోబెట్టి ఆ నిబంధనలు చదివి వినిపించే పని జిల్లా ఇన్‌స్పెక్టర్ ఉలార్‌బెక్ ఈయనకే అప్పజెప్పేవాడు. వాళ్ళు ఆవులిస్తే ఈయన మళ్ళీ మొదటినుంచీ చదివేవాడు.

ఇంకొకటి ఉంది, అది చట్టంలో లేదు. వేట నుంచి తిరిగివచ్చే మనిషికి దారిలో ఎవరైనా ఎదురై "షిరల్గా" అన్నారంటే, అతను జీను మీద ఉన్నది ఇచ్చేయాలి. కొండ ఇచ్చినదాంట్లో ఎదురైనవాళ్ళకూ వాటా ఉంటుందని పెద్దలు పెట్టిన పద్ధతి. ఈ రోజుల్లో చాలామంది ఆ మాట వినపడనట్టు గుర్రాన్ని అదిలిస్తారు, లేదా చీకటి పడేదాకా ఆగి దొంగదారిన ఇల్లు చేరతారు. ఇమానకున్ నలభై ఏళ్ళలో ఒక్కసారి కూడా కాదనలేదు. ఒక శీతాకాలం కొండమేకను దించుకొస్తుంటే వెనక కాళ్ళు రెండూ స్కూలు టీచరుకూ కొత్తకోడలికీ పోయాయి, రొమ్ము లారీ డ్రైవరుకు పోయింది, తల మొల్దోక్మత్ పెద్దాయన పట్టుకుపోయాడు, మిగతాది ఇంటి మలుపులో చుట్టాలు పంచుకున్నారు. ఆయన కొమ్ములతో ఇంటికి వచ్చాడు. బురుల్ బంగాళాదుంపలు ఉడకబెట్టి, పళ్ళెం మధ్యలో ఆ కొమ్ములు నిలబెట్టి, "చల్లారకముందే తినండి" అంది.

కొండంతా అందరిదీ అనుకునే కాలం పోయి లోయలో తీగ కంచెలు పడ్డప్పుడు ఊళ్ళో ముసలివాళ్ళు గింజుకున్నారు. మొట్టమొదట కంచె వేసింది తాష్తాన్ అనే యువకుడు. ఊరికి పైన ఒక పల్లాన్ని కౌలుకు తీసుకుని, స్తంభాలు పాతి, అక్కడే ఇల్లూ దొడ్డీ కట్టాడు. అందరూ తిడుతుంటే ఇమానకున్ ఒక్కడే మెచ్చుకున్నాడు. కంచె ఉంటే ఎక్కడ ఆగాలో తెలుస్తుందని ఆయన వాదన.

ఆ తాష్తానే ఒక కుక్కపిల్లను తెచ్చాడు. మా వైపు కాపలా కుక్కలకు పుట్టిన కొద్ది రోజులకే చెవులూ తోకా కోసేస్తారు. కుమ్ములాటలో తోడేలు నోటికి చిక్కేదేదీ ఉండకూడదని ఒక కారణం. వేటగాడికి రెండో కారణం ముఖ్యం, దూరం నుంచి మంచులో తోక కనబడితే అది తోడేలు, లేకపోతే కుక్క. కాని ఆ కుక్కపిల్ల వచ్చిన వారం తాష్తాన్ భార్య సల్కిన్‌కు ఆడపిల్ల పుట్టింది. ఇంట్లో పురిటిబిడ్డ ఉండగా కత్తికి నెత్తురు అంటించడానికి వీల్లేదని సల్కిన్ పట్టుబట్టింది. పురుడు వెళ్ళేసరికి కుక్క ఎదిగిపోయింది. అలా బొయ్‌నోక్‌కు చెవులూ తోకా మిగిలాయి. ఒళ్ళంతా బూడిదరంగు, మెడ చుట్టూ మాత్రం తెల్లటి పట్టీ. ఆ పట్టీ వల్లే దానికి ఆ పేరు వచ్చింది.

ఒకరోజు గేటు దగ్గర టీ తాగుతూ ఇమానకున్ దాన్ని ఎగాదిగా చూశాడు.

"ఏరా తాష్తాన్, దీనికి తోక ఉంచేశావేంటి? తోడేలనుకుని ఎవడో ఒకడు లేపేస్తాడు."

"ఇక్కడ గురి తప్పనోడివి నువ్వొక్కడివే కదా బాబాయ్. నువ్వేమో కాల్చేముందు గేటు దగ్గరకొచ్చి అడుగుతావు. ఇంక దానికేం భయం?"

ఇద్దరూ నవ్వుకున్నారు. సల్కిన్ బిడ్డను ఎత్తుకుని గుమ్మంలో నిలబడి తనూ నవ్వింది. ఆ మాట ఆ రోజుకు అక్కడితో అయిపోయింది.

మూడేళ్ళ తర్వాత కనుమ దారిలో లారీ జారి తాష్తాన్ పోయాడు. పల్లం వదిలేసి ఊళ్ళోకి వచ్చెయ్యమని అత్తింటివాళ్ళు సల్కిన్‌కు చెప్పి చూశారు. ఆమె వినలేదు. బడి ఈడు రాగానే పిల్లను మాత్రం ఊళ్ళో అత్తగారి దగ్గర ఉంచి, నలభైకి అటూ ఇటూగా గొర్రెలను, ఒక ఆవును, ఒక గుర్రాన్ని పెట్టుకుని ఒంటరిగా నెట్టుకొచ్చింది. ఒంటరిగా అనడం కూడా తప్పే. బొయ్‌నోక్ ఉంది. పగలు మందతో వెళ్ళి మందతో వచ్చేది, రాత్రి దొడ్డి చుట్టూ తిరిగేది. పొరుగు దొడ్లలో తోడేలు పడినా ఆమె దొడ్డి జోలికి రాలేదు. కొడుకు మంచంలో లేకపోయినా కొడుకు కుక్క గుమ్మంలో ఉందని తాష్తాన్ తల్లి అంటూ ఉండేది.

ఆ తర్వాతి మూడో శీతాకాలం లోయకు ఒక తోడేలు కొత్తగా వచ్చింది. ముసలిది, ముందు కాలు కొంచెం ఈడుస్తుంది, అందుకే కొండ మీద వేట దొరక్క ఊరి మీద పడింది. నెల తిరక్కుండా ఒక గుర్రప్పిల్లను, ఎవరెవరివో ఏడు గొర్రెలను చంపింది. గ్రామ కార్యాలయం వాళ్ళు పిలిచి, ఇన్‌స్పెక్టర్ చేత కాగితం రాయించి, పని ఇమానకున్‌కు అప్పగించారు. అప్పటికి ఆయనకు అరవై ఒకటి. పదకొండు రోజులు తిరిగాడు. తోడేలు ఆయన కంటే తెలివిగా తిరిగింది. దుకాణం దగ్గర కుర్రాళ్ళు "తాతా, తోడేలు కూడా టీకి పిలిచిందా?" అని అడగడం మొదలుపెట్టారు. పైకి నవ్వేసేవాడు గాని, ఆ మాట ఆయనకు గుచ్చుకుంది. ఈ వయసులో ఇదొక్కటీ సాధిస్తే చాలు, తుపాకీ గోడకు తగిలించేద్దామని బురుల్‌తో అన్నాడు కూడా.

పన్నెండో రోజు పొద్దున్న ఆ కాలీడ్చే అడుగులు తాజాగా దొరికాయి. కొండ అంచున వచ్చి, తాష్తాన్ కంచె కిందుగా దూరి, పల్లంలోకి దిగాయి. ఇమానకున్ కంచె దగ్గర ఆగాడు. ఇల్లు మిట్టకు అవతల ఉంది, ఇటునుంచి పొగగొట్టం కూడా కనబడదు. చుట్టూ తిరిగి గేటుకు వెళ్ళాలంటే గుర్రం మీద అరగంట. గాలి లేస్తోంది, నేల మీది మంచు పొడిలా ఎగిరి అడుగుల్ని పూడ్చేస్తోంది. అరగంట తర్వాత వస్తే తోడేలూ ఉండదు, దాని జాడా ఉండదు. మళ్ళీ ఎవరి దొడ్డిలో పడుతుందో. ఆయన కాసేపు తటపటాయించాడు. తర్వాత గుర్రాన్ని స్తంభానికి కట్టి, తీగను బూటుతో తొక్కి, అవతలికి దాటాడు.

ఇందులో ఆయన్ని వెనకేసుకురావడానికి చాలా మాటలు దొరుకుతాయి. తర్వాత ఊరంతా ఆ మాటలే చెప్పింది. నేను చెప్పను, ఎందుకంటే ఆయన చెప్పుకోలేదు.

పల్లం అడుగున ఎగిరే మంచులో బూడిదరంగుది ఒకటి కదులుతోంది. తల నేలకు వంచి, తోక కిందికి వేలాడేసి, వాసన పడుతూ నడుస్తోంది. కుక్క అయితే తోక ఉండదు, ఉన్నా పైకి చుట్టుకుని ఉంటుంది. ఆయన తోకనే చూశాడు. ఊపిరి బిగబట్టి, ఒక్క గుండు పేల్చాడు. అది కుయ్యిమనకుండా పడిపోయింది. పన్నెండు రోజుల అలుపూ ఒక్కసారిగా దిగిపోయినట్టయింది ఆయనకు. గబగబా దిగి వెళ్ళి, బూటు మొనతో దాని తల ఇటు తిప్పాడు. మెడ చుట్టూ మంచులో కలిసిపోయిన తెల్లటి పట్టీ ఉంది.

ఆయన చుట్టూ చూస్తే అడుగులు ఏం జరిగిందో చెప్పాయి. ముందు తోడేలు పోయింది. దాని అడుగుల్లోనే అడుగులేస్తూ కుక్క పోయింది. తోడేలు వెంట పడిన కుక్క తోక కిందికే ఉంటుంది, అదీ ఆయనకు తెలియనిదేం కాదు. ఆ పొద్దున్న ఆ పల్లంలో తన పని తాను చేస్తున్నది బొయ్‌నోక్ ఒక్కటే.

చనిపోయినదాన్ని అక్కడే వదిలేసి ఉంటే అడిగే నాథుడు లేడు. సాయంత్రానికి మంచు కప్పేస్తుంది. వసంతంలో ఎముకలు దొరికితే తోడేలే తిందనుకుంటారు. ఇంకో అడుగు ముందుకేస్తే, తోడేలు చంపబోతుంటే తను తరిమానని చెప్పినా సల్కిన్ నమ్మేది, కన్నీళ్ళు తుడుచుకుని టీ కూడా పోసేది. ఈ ఆలోచనలన్నీ ఆయనకు వచ్చాయి. రాలేదని ఆయన ఎన్నడూ బొంకలేదు. కుక్కను గోతంలో పెట్టి, మూతి కట్టి, కంచె దాకా మోసుకొచ్చి జీనుకు వేశాడు. కాల్చినదాన్ని కొండ మీద వదిలి రావడం ఆ చేతులకు అలవాటు లేదు. ఎక్కడికి తీసుకెళ్తున్నాడో మాత్రం అప్పటికి ఆయనకే తెలియదు. గుర్రం తలను గేటు వైపు కాక, ఊరి కిందున్న లోతైన గండి వైపు తిప్పాడు. ఆ గండిలో చచ్చిన పశువులను పారేస్తారు.

గండి దారి, సల్కిన్ ఇంటి దారి ఒక మలుపు దగ్గర కలుస్తాయి. ఆయన ఆ మలుపు తిరిగేసరికి సల్కిన్ ఎదురుగా వస్తోంది. మంచు మీద ఈడ్చే స్లెడ్జి బండి మీద నీళ్ళ డబ్బాలు పెట్టుకుని, గుర్రం కళ్ళెం పట్టుకుని, వాగుకు బయల్దేరినట్టుంది. దూరం నుంచే తుపాకీ మోత విన్నట్టుంది కూడా. జీను మీద గోతాన్ని, గోతం మూతిలోంచి బయటికి వేలాడుతున్న బూడిదరంగు తోకను చూసి ఆమె ముఖం విప్పారింది. ఎన్నాళ్ళుగానో ఆ ముఖంలో అలాంటి సంతోషం ఎవరూ చూడలేదు.

"షిరల్గా, బాబాయ్!" అంది.

ఇమానకున్ గుర్రం ఆపాడు. దిగలేదు. ఆమె దాన్ని బడాయి అనుకుని నవ్వుతూ దగ్గరకు వచ్చింది. ఆ తోడేలు చర్మం పరిచి దాని మీద అత్తగారిని కూర్చోబెడతానని, ఊరందరికీ మొదట తనే చెబుతానని అంది. నలభై ఏళ్ళుగా ఆ మాటకు ఆయన జవాబు ఒక్కటే, తీసుకో, నీదే. ఇప్పుడూ ఇంకో జవాబు లేదు. గుర్రం దిగి, గోతాన్ని దించి, ఆమె కాళ్ళ ముందు మంచులో పెట్టి, ముడి తనే విప్పాడు.

ఆమె ముందు తోకను చూసింది, తర్వాత చెవులు, తర్వాత పట్టీ. చేతి తొడుగు తీసి దాని మెడ మీద చెయ్యి వేసింది. ఇంకా వెచ్చగానే ఉంది.

"ఎక్కడ?" అని అడిగింది.

"మీ కంచె లోపలే."

"గేటు దగ్గరికొచ్చావా?"

"రాలేదమ్మా."

"నేను ఇంట్లోనే ఉన్నాను, బాబాయ్. పొద్దున్నుంచీ ఇంట్లోనే ఉన్నాను. అడిగుంటే చెప్పేదాన్ని, అది తోడేలు వెనకాల వెళ్ళిందని."

ఆమె నీళ్ళ డబ్బాలు దించి పక్కన పెట్టింది. ఆయన సాయం చెయ్యబోతే వద్దంది. కుక్కను తనే ఎత్తి స్లెడ్జి మీద పడుకోబెట్టి, షిరల్గా అడిగింది తనే కాబట్టి తనే తీసుకెళ్తానని చెప్పి, గుర్రాన్ని వెనక్కి తిప్పింది. దించిన డబ్బాలు అక్కడే ఉండిపోయాయి. ఇమానకున్ వాటిని వాగులో నింపి, ఆమె గేటు బయట పెట్టి, ఇంటికి వెళ్ళాడు.

ఆ సాయంత్రమే ఆయన రెండు చోట్లకు వెళ్ళాడు. ఇన్‌స్పెక్టర్ ఉలార్‌బెక్ అంతా విని, సల్కిన్ ఫిర్యాదు రాసిందా అని అడిగాడు. రాయలేదు. ఫిర్యాదు లేనప్పుడు కేసేమిటని, పైగా గ్రామం పురమాయించిన పని మీద జరిగిన పొరపాటని, చెవులూ తోకా ఉంచుకోవడం యజమాని తప్పు కూడా కదా అని కాగితాలు సర్దుకున్నాడు. మంచివాడే, ఆయన్ని కాపాడదామనే అన్నాడు. అనుమతి లేకుండా కంచె దాటానని రాసుకోమని ఇమానకున్ పట్టుబట్టాడు. ఆ నిబంధన కుర్రాళ్ళకు చదివి వినిపించేది తనేనని, తన విషయంలో అది చెరిపేస్తే రేపు వాళ్ళకు ఏ మొహం పెట్టుకుని చదవాలని అడిగాడు. ఉలార్‌బెక్‌కు రాయక తప్పలేదు. ఆ ఏడాదికి ఆయన సొంత వేట రద్దయింది. తోడేలు కాగితం మాత్రం గ్రామం పేరున ఉంది గనక అలాగే ఉండిపోయింది.

తర్వాత పెద్దల దగ్గరికి వెళ్ళాడు. మా ఊళ్ళో తగవులు తీర్చే తెల్లగడ్డాలకు పెద్ద మొల్దోక్మత్. ఆయనకు డెబ్భై ఎనిమిదేళ్ళు, చెవులు మందగించాయి గాని న్యాయం మందగించలేదు. నలుగురు పెద్దలు కూర్చున్నారు. గదిలో ఉన్న మగవాళ్ళలో సగం మంది తోక మాటే ఎత్తారు. కోయని తోక, కోయని చెవులు, మంచు, గాలి, అంత ముసలి కళ్ళు, ఎవరు మాత్రం పోల్చుకుంటారని. ఇమానకున్ లేచి నిలబడ్డాడు.

"ఆ తోక సంగతి నాకు ముందే తెలుసు. తాష్తాన్‌ని నేనే మందలించాను. నువ్వు గేటు దగ్గరకొచ్చి అడుగుతావుగా అన్నాడు వాడు. వాడు నా మాట మీద ఉంచుకున్న తోక అది. ఇంకెవరూ తోక గురించి మాట్లాడకండి."

మొల్దోక్మత్‌కు సగమే వినబడింది, పక్కవాడు చెవిలో మళ్ళీ చెప్పాడు. పాత పద్ధతి ప్రకారం ఒక గుర్రం, ఒక కోటు ఇచ్చి క్షమాపణ అడగాలని తీర్పు చెప్పారు. ఇమానకున్‌కు ఉన్నది ఒక్క గుర్రం. మర్నాడే దానికి బురుల్ కొత్త కోటు కప్పి, ఇద్దరూ నడుచుకుంటూ తోలుకెళ్ళారు. గేటు బయట నిలబడి కేకేశారు. సల్కిన్ వచ్చింది. కోటు తీసుకుంది, కాదంటే వాళ్ళను అవమానించినట్టవుతుంది. గుర్రం కళ్ళెం మాత్రం బురుల్ చేతిలోనే తిరిగి పెట్టింది.

"గుర్రం మొరగదు పిన్నీ" అంది.

ఈ మాటలో కోపం ఎంతో, నిజం అంతే ఉంది. తోడేలు ఇంకా లోయలోనే ఉంది. ఆ చలికాలంలో ఎదిగిన కాపలా కుక్కను ఎవరూ ఇవ్వరు, అమ్మరు. పిల్లను తెచ్చి పెంచితే తోడేలుకు ఎదురు నిలవడానికి రెండేళ్ళు పడుతుంది. మంద పోతే సల్కిన్ పల్లం వదులుకోవలసిందే, తాష్తాన్ పాతిన స్తంభాలతో సహా. ఆమెకు కావలసింది ఒక్కటే, వసంతం దాకా తన గొర్రెలు బతికి ఉండటం.

ఇమానకున్ ఇంటికి వచ్చి, తుపాకీని ఇనుప పెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవి మొల్దోక్మత్ చేతిలో పెట్టాడు. ఇక తోడేలును ఇంకెవరైనా చూసుకోండన్నాడు. ఇంకెవరూ చూసుకోలేదు. ఆ రోజు నుంచి ప్రతి సాయంత్రం పొద్దుగూకే వేళకు గుర్రం మీద ఆ కంచె చుట్టూ, కంచెకు బయటినుంచే, రెండుసార్లు తిరిగేవాడు. రేకు డబ్బా కొడుతూ, గొంతెత్తి అరుస్తూ తిరిగేవాడు. దుకాణం దగ్గర కుర్రాళ్ళు "తాత మొరగడానికి వెళ్తున్నాడు" అన్నారు. బురుల్ విని, ఆ దుకాణంలో ఉప్పు కొనడం మానేసింది. ఆయన మాత్రం, వాళ్ళన్నదాంట్లో తప్పేముందని, అది సరిగ్గా మొరగడమేనని, ఆ కుక్కంత బాగా చేతకావడం లేదనే తన బాధని అన్నాడు.

ఇలా అయిదు వారాలు గడిచాయి. ఫిబ్రవరి చివర్లో ఒక పొద్దున్న, ఇంకా టీ దించకముందే, సల్కిన్ ఆయన ఇంటి గేటు దగ్గర గుర్రం దిగింది. లోపలికి వచ్చి, తెల్లవారుజామున రెండు గొర్రెలు పోయాయని, రెండూ ఈనబోయేవని చెప్పింది. తోడేలు ఒకదాన్ని తిని, కాలు సాగక పల్లంలోనే రాళ్ళ మాటున పడుకుని ఉందట. ఆమె కళ్ళారా చూసింది. అంటూనే ఇనుప పెట్టె తాళంచెవి బల్ల మీద పెట్టింది. ముందు మొల్దోక్మత్ ఇంటికి వెళ్ళి, అది తీసుకునే వచ్చింది.

ఇమానకున్ ఆ తాళంచెవి వంక చూశాడు గాని ముట్టుకోలేదు. తన చేతుల మీద తనకే నమ్మకం లేదని, పక్క ఊరి వేటగాడిని పిలిపిస్తానని ఏదో అనబోయాడు.

"నువ్వు బాధపడాలంటే పడు బాబాయ్, నేను కాదనను. నా గొర్రెలు బతికాక పడు" అంది సల్కిన్.

బురుల్ లేచి, ఆయన బొచ్చు టోపీ తెచ్చి చేతికిచ్చింది.

ఆ పూట తోడేలు దొరికింది. ఒక్క గుండుకే పడింది. దాని చర్మం ఇప్పటికీ గ్రామ కార్యాలయం గోడ మీద ఉంది, చూడాలనుకుంటే ఎవరైనా చూడొచ్చు. ఊళ్ళో మగవాళ్ళు చెప్పుకునే కథ అదే, ఎంత దూరం నుంచి, ఎంత గాలిలో, ఎంత ముసలి కంటితో కొట్టాడో అని. ఇమానకున్ ఆ తర్వాత తొమ్మిదేళ్ళు బతికాడు. ఆ గుండు గురించి అడిగితే మాట మార్చేవాడు. ఆయన చెప్పింది, బురుల్‌కు చెప్పింది, అంతకు ముందు జరిగిన సంగతి ఒక్కటే.

ఇంటినుంచి పల్లానికి అడ్డదారి ఉంది. కొండ అంచున వెళ్ళి, మునుపు తొక్కిన చోటే తీగ తొక్కితే, తోడేలు పడుకున్న రాళ్ళు ఎదురుగానే ఉంటాయి. గుర్రం కూడా అలవాటుగా అటే తిరగబోయింది. ఆయన కళ్ళెం లాగి రోడ్డు మీదికి మళ్ళించాడు. అరగంట చుట్టూ తిరిగి వెళ్ళాడు. ఈలోగా తోడేలు లేచి పోతే పోనీ అనుకున్నాడు. సల్కిన్ ముందే వెళ్ళి ఇంట్లో ఉంది. ఆయన గేటు ముందు గుర్రం దిగి, తుపాకీ మూతి నేలకు వంచి, "ఇంట్లో ఎవరున్నారు?" అని కేకేశాడు.

ఆమె తలకు శాలువా చుట్టుకుంటూ బయటికి వచ్చి, గేటుకు అవతల నిలబడింది.

"బయట ఏమేం ఉన్నాయమ్మా?" అని అడిగాడు.

ఆమె ఒక్కొక్కటే చెప్పింది. గొర్రెలు ముప్పై ఆరు, అన్నీ దొడ్డిలోనే ఉన్నాయి. ఆవు పాకలో కట్టేసి ఉంది. గుర్రం ఇదిగో, ఇక్కడే ఉంది. పిల్ల ఊళ్ళో బడిలో ఉంది. ఆయన ఎప్పటిలాగే వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంటున్నాడు. నాలుగు వేళ్ళు మడిచాక, అయిదో వేలు మడవకుండా ఆమె ముఖంలోకి చూస్తూ ఆగాడు.

"కుక్క లేదు" అంది సల్కిన్. అని, గేటు గొళ్ళెం తీసింది.